దారి మళ్ళిందా, ఎవరైనా మళ్ళించారా?

గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధించడం నా వృత్తి. కాపురం మాత్రం విజయవాడ సత్యనారాయణపురంలో. మొన్న అనువాదం తరగతికి నేనే ఒక చిన్న ఇంగ్లీషు పేరా రాసి తీసుకువెళ్ళాను. ఒక కుటుంబం కారులో ఊరికి బయలుదేరడం, మధ్యలో రోడ్డు మూసి ఉండడం, తిరిగి తిరిగి చివరకు చేరడం అందులోని విషయం. డైవర్షన్, డీటూర్, బైపాస్, సర్క్యూటస్, డీవియస్ అనే అయిదు మాటలను కావాలనే అందులో చేర్చాను. 40 మంది రాసిన కాగితాల్లో 30కి పైగా కాగితాల్లో మొదటి నాలుగు మాటలకూ ఒకే తెలుగు కనిపించింది: ప్రత్యామ్నాయ మార్గం. డీవియస్ అన్న మాటను చాలామంది వదిలిపెట్టారు, ఒకరిద్దరు దానికి కూడా అదే రాశారు.

పిల్లలను తప్పుపట్టలేను. పండుగకో సభకో రోడ్డు మూసినప్పుడల్లా పత్రికల్లో వచ్చే మాట అదే, టీవీ వార్తల్లో వినిపించేదీ అదే. నిజానికి ప్రత్యామ్నాయం చక్కని మాట. ఉపనయనంలోనో శ్రావణ పౌర్ణమి నాడు జంధ్యం మార్చుకునేటప్పుడో పురోహితుడు సంకల్పంలో చెప్పే 'కృచ్ఛ్ర ప్రత్యామ్నాయం' విన్నవారికి దాని అసలు అర్థం తెలుస్తుంది. చేయవలసిన కఠినమైన ప్రాయశ్చిత్తానికి బదులు చేయదగిన మరొకటి అని దాని భావం. అంటే ఆ మాటలో బదులు అన్న అర్థం ఉంది గాని చుట్టు లేదు, మలుపు లేదు, దూరం లేదు, ఆ దారి పట్టించింది ఎవరన్న జాడ అసలే లేదు. ఇంగ్లీషు మాటల మధ్య ఉన్న తేడా అంతా సరిగ్గా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. మనకు ఆ తేడాలు చెప్పే మాటలు లేకపోతే సరిపెట్టుకోవచ్చు. కాని ఇంట్లో, పొలంలో, బస్సులో రోజూ పలికే మాటలు ఉండగా, పరీక్ష కాగితం ముందు కూర్చోగానే వాటిని మరచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ సంగతి నాకు మొదటిసారి స్పష్టంగా తట్టింది తరగతిలో కాదు, బస్సులో. కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో ప్రారంభమైంది. అది రావడానికి చాలా ఏళ్ళ ముందు, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు నందిగామ నుంచి విజయవాడకు వస్తున్నాను. గొల్లపూడి దాటాక, కొండ కింద నుంచి తిన్నగా బస్టాండుకు పోవలసిన బస్సు సితార సెంటర్ దగ్గర లోపలికి తిరిగింది. నా ముందు సీట్లో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒడిలోని సంచిలోంచి పసుపు రంగు రవికెగుడ్డ అంచు బయటికి కనిపిస్తోంది. కిటికీలోంచి చూసి ఆమె, "ఇదేంటి నాయనా, అమ్మవారి కొండ కింద నుంచి పోదా బస్సు?" అని అడిగింది. కండక్టరు టిక్కెట్ల డబ్బు లెక్కపెట్టుకుంటూ తల ఎత్తకుండానే, "డైవర్షన్ పెట్టారమ్మా, చుట్టు తిరిగి పోవాలి" అన్నాడు.

ఆ ఒక్క వాక్యంలో రెండు భాగాలున్నాయి. పెట్టినవారు వేరు, తిరగవలసినవారు వేరు. డైవర్షన్ ఎవరో పెడతారు. పోలీసులు, రోడ్డు పనివారు, వరద, ఎవరో ఒకరు దారికి అడ్డం నిలబడి ఇటు పొమ్మంటారు. చుట్టు తిరగడం మాత్రం ప్రయాణించేవారి పని. ఇంగ్లీషులో ఈ రెండో భాగానికి సరిపడే మాట డీటూర్. బ్రిటన్‌లో రోడ్డు మూసినచోట డైవర్షన్ అనే బోర్డు పెడతారు, అమెరికాలో డీటూర్ అని పెడతారు. మన రోడ్ల భాష బ్రిటన్ నుంచి వచ్చింది గనుక ఇసుక నింపిన డ్రమ్ముల పక్కన మనకు కనిపించేది 'టేక్ డైవర్షన్' అన్న బోర్డే. అందువల్ల డీటూర్ అన్న మాట మనకు పుస్తకాల్లోనే ఎదురవుతుంది, దాని రుచి పిల్లలకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

డైవర్షన్‌కు మూలం లాటిన్‌లో డివెర్తెరె అనే క్రియ, పక్కకు తిప్పడం అని అర్థం. అందులోని వెర్తెరెకూ మన వృత్ ధాతువుకూ చుట్టరికం ఉంది, రెండూ ఒకే ప్రాచీన మూలం నుంచి చీలి వచ్చినవి. ఆవర్తనం, పరివర్తన, నివృత్తి, గుండ్రని వృత్తం, ఇవన్నీ ఆ ధాతువు పిల్లలే. అంటే సితార సెంటర్ దగ్గర కండక్టరు నోట వినిపించిన ఇంగ్లీషు మాటకు దూరపు బంధువులు మన పంచాంగంలోనూ లెక్కల పుస్తకంలోనూ కూర్చుని ఉన్నారన్నమాట. విడాకులకు ఇంగ్లీషువారు వాడే డైవోర్స్ కూడా ఆ క్రియ నుంచి పుట్టినదే. దానికి మూలమైన లాటిన్ మాటకు రెండు దారులు విడిపోయే చోటు అన్న అర్థం కూడా ఉండేది. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు వెనుక బెంచీలతో సహా అందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు.

డీటూర్ మాత్రం ఫ్రెంచివారి ఇంటి నుంచి 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అందులోని టూర్‌కు మూలం గ్రీకు, లాటిన్ భాషల్లో లేత్ మిషన్‌కు ఉన్న పేరు. టూరిస్టు, టర్న్ అన్నవి కూడా అక్కడి నుంచి వచ్చినవే. మన ఆటోనగర్‌లో ఇనుప కడ్డీని లేత్‌కు బిగించి తిప్పుతూ ఉంటే తళతళలాడే రజను చుట్టలు చుట్టలుగా ఊడి కింద పడుతుందే, ఆ తిరుగుడే ఈ మాటకు మొదటి రూపం.

డీటూర్‌లో ఇంకొక విశేషం ఉంది. ఎవరూ అడ్డం పెట్టకపోయినా మనంతట మనం డీటూర్ చేయవచ్చు. విజయవాడ నుంచి గుంటూరు వెళుతూ మంగళగిరిలో దిగి, మెట్లెక్కి, పానకాల నరసింహస్వామికి పానకం పోయించి, స్వామి సగం పుచ్చుకుని వదిలిన పానకం తాగి మళ్ళీ బస్సెక్కితే అది డీటూర్. దాన్ని డైవర్షన్ అనడానికి వీల్లేదు, ప్రత్యామ్నాయ మార్గం అంటే అసలే కుదరదు. దీనికి తెలుగులో నామవాచకం వెతకడంలోనే పొరపాటు ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మనం దీన్ని నామవాచకంగా చెప్పం. "పనిలో పనిగా మంగళగిరి కూడా చూసుకుని వచ్చాం" అంటాం, "అటునుంచి అటే వెళ్ళాం" అంటాం, "వెళుతూ వెళుతూ అక్కయ్య వాళ్ళింట్లో దిగాం" అంటాం. పనిలో పనిగా అన్న పలుకుబడిలో ఉన్న ఇష్టం, వీలు చూసుకోవడం, మరీ దూరం కాదులే అన్న సర్దుబాటు అన్నీ డీటూర్‌లోనూ ఉన్నాయి. నిఘంటువు చుట్టుదారి అని అర్థం ఇచ్చి ఊరుకుంటుంది, కాని చుట్టుదారిలో విసుగు ఉంది, పనిలో పనిగాలో అది లేదు.

మళ్ళించడం అన్న క్రియకు వస్తే, అది రోడ్ల కోసం పుట్టిన మాట కాదు. చేలో పడబోయే పశువులను మళ్ళిస్తాం, కాలవ నీళ్ళను చేలోకి మళ్ళిస్తాం, ఏడుస్తున్న పిల్లవాడికి చందమామను చూపించి మనసు మళ్ళిస్తాం. ఈ చివరిది గమనించదగినది. ఇంగ్లీషు డైవర్షన్‌కు కాలక్షేపం, వినోదం అన్న అర్థం కూడా ఉంది. మనసును ఒక బాధ మీద నుంచి మరొక విషయం మీదికి తిప్పడమే కదా వినోదం చేసే పని. రెండు భాషలూ ఒకదాన్ని ఒకటి చూడకుండానే ఒకే చోటికి చేరాయి. ఒక పనికి ఇచ్చిన డబ్బును మరొక పనికి వాడితే నిధుల మళ్ళింపు అంటాం, అక్కడ కూడా ఇంగ్లీషులో ఉన్నది డైవర్షనే.

కృష్ణా డెల్టాలో పుట్టిన మాబోటివారికి మళ్ళింపు అంటే మొదట నీళ్ళే గుర్తుకు రావాలి. సర్ ఆర్థర్ కాటన్ మార్గదర్శకత్వంలో కెప్టెన్ ఓర్ 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన బెజవాడ ఆనకట్ట, దాని స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, రెండూ చేసినది మళ్ళింపు పనే. నీటిని పెద్దయెత్తున నిల్వచేయడం వాటి ఉద్దేశం కాదు. నీటి మట్టం ఎత్తి, రెండు వైపులా ఉన్న కాలవల తలల్లోకి నదిని తిప్పడం ఉద్దేశం. ఇంజినీర్లు ఇటువంటి కట్టడాన్ని డైవర్షన్ వియర్ అంటారు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ విజయవాడ వీధుల మధ్య నుంచి పారుతున్నాయంటే, ఈ ఊరు దారి మళ్ళిన నది ఒడ్డున పెరిగిన ఊరని అర్థం.

2024 సెప్టెంబరు మొదటి వారంలో ఈ మాట మాకు మరొక విధంగా వినిపించింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి తిప్పడానికి తవ్విన కాలవ పేరే బుడమేరు డైవర్షన్ ఛానల్. కొల్లేటికి పోవలసిన వాగును ఊరి మీదికి రాకుండా పక్కకు తిప్పడం దాని పని. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ ఛానల్‌కు గండ్లు పడి అజిత్ సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. సింగ్ నగర్‌లో ఉండే మా పనిమనిషి ఫోను దొరికిన రోజున, "డైవర్షన్ తెగిందంటమ్మా, నీళ్ళు వాటి పాత దారికి వచ్చేసినయి" అని చెప్పింది. ఆమె చదువుకున్నది లేదు. కాని మళ్ళింపు అంటే ఒక పాత దారి ఉండి తీరుతుందనీ, తిప్పిన చేయి సడలితే నీరు ఆ దారినే వెతుక్కుంటుందనీ ఆ మాటలో ఉంది. ఆనాటి నుంచి తరగతిలో డైవర్షన్ అన్న మాట వచ్చినప్పుడల్లా నేను ఆమె వాక్యాన్నే బోర్డు మీద రాస్తున్నాను.

బైపాస్ విషయంలో నాకు పాఠం చెప్పినది మా నాన్నగారు. ఆయన తెనాలి దగ్గర పల్లెలో జీవితమంతా వరి పండించిన మనిషి. గుండెనొప్పి వస్తే గుంటూరులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారు మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో గుండె బొమ్మ గీసి, రక్తనాళంలో ఒకచోట నల్లగా దిద్ది, ఇక్కడ పూడుకుపోయిందన్నారు. కాలి నుంచి ఒక సిర తీసి, దాని ఒక కొసను పూడికకు పైన, రెండో కొసను కింద కుడతామని ఒక వంపు గీత గీశారు. కాలి సిరతో ఈ శస్త్రచికిత్సను 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో అనే అర్జెంటీనా వైద్యుడు ఒక పద్ధతిగా నిలబెట్టాడని తరువాత చదివాను. మా నాన్నగారికి అవేవీ అక్కరలేకపోయింది. ఆ గీతను కాసేపు చూసి, "అంటే కాలవ పూడిపోతే పక్కనుంచి బోదె తవ్వి నీళ్ళు కిందికి దింపటం అన్నమాట" అన్నారు. "అంతే బాబాయిగారూ" అన్నారు డాక్టరుగారు. నాన్నగారు ఊరుకోలేదు. "మరి ఆ పూడికో?" అని అడిగారు. "అది అక్కడే ఉంటుందండీ, దాని జోలికి మేం పోం."

బైపాస్ అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన నిర్వచనాన్ని నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు. రోడ్డు మీద పెట్టే డైవర్షన్ తాత్కాలికం, అడ్డు తీయగానే పోతుంది. బైపాస్ శాశ్వతం, అడ్డును అలాగే ఉంచి దాని పక్కనుంచి పోతుంది. చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా, కృష్ణ దాటి కాజ వైపు వేసిన విజయవాడ పశ్చిమ బైపాస్ ఉద్దేశం కూడా అదే. ఊరితో పనిలేని లారీ ఊళ్ళోకి రాకుండా పోతుంది, చెన్నై, కోల్‌కతా, బందరు, హైదరాబాదు దారులు కలిసే బెంజి సర్కిల్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆఫీసుల్లో "నన్ను బైపాస్ చేసి పై అధికారికి ఫైలు పంపారు" అని నొచ్చుకునే ఉద్యోగి కూడా తనను ఒక పూడికలా చూశారనే కదా నొచ్చుకునేది. ఈ మాటకు తెలుగు కల్పించాలని నేను అనను. బైపాస్ మన మాటయి చాలాకాలమైంది.

ఇక వంకర అర్థాల సంగతి. డీవియస్ అన్న మాట లాటిన్‌లో పుట్టినప్పుడు దానికి దోషమేమీ లేదు. వియా అంటే దారి, దారికి దూరంగా ఉన్నది అని మాత్రమే దాని అర్థం. దారి వదిలి నడిచేవారిని లోకం నమ్మదు గనుక కాలక్రమాన అది కుటిలం, కపటం అన్న అర్థానికి దిగింది. తెలుగులోనూ దారుల పేర్లకు ఇదే గతి పట్టింది. దొడ్డిదారి అంటే పెరటి వైపు నుంచి ఇంట్లోకి వచ్చే దారి. పశువులు వచ్చేవి, పాలవాడు వచ్చేవాడు, పాలేరు వచ్చేవాడు, అందులో తప్పేమీ లేదు. ఈనాడు దొడ్డిదారిన ఉద్యోగం వచ్చింది అంటే ఎవరికీ పెరడు గుర్తుకు రాదు. అడ్డదారి కూడా అంతే, పొలాలకు అడ్డంగా పడి నడిచే దగ్గరదారి, ఇప్పుడు అడ్డదారిన సంపాదించిన డబ్బు అన్నప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది. అందుకే షార్ట్‌కట్‌ను అడ్డదారి అని రాసిన పిల్లలకు నేను ఎర్ర గీత పెడతాను. ఊరికే దూరం తగ్గించే దారికి దగ్గరదారి అన్న మచ్చలేని మాట ఉంది. విచిత్రమేమిటంటే గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో ప్రతి చిరునామాలోనూ లైను, అడ్డరోడ్డు ఉంటాయి. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని చెప్పేవారి నోట ఆ అడ్డం ఇంకా శుభ్రంగా, కేవలం ఒక దిక్కుగానే ఉంది. రోడ్డు అన్న మాట ఆ అడ్డానికి రక్షణ అయిందేమో.

డెలీరియం గురించి చెప్పకుండా ఉండలేను. జ్వరంలో సంధి ప్రేలాపనకు వైద్యులు వాడే ఈ మాటలో లాటిన్ లీరా ఉంది. నాగలి చాలు అని దాని అర్థం. చాలు తప్పిన నాగలి ఎలా పోతుందో తలపు అలా పోవడం డెలీరియం. దుక్కి దున్నినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మాటల్లో చుట్టు తిరగడానికి మనకు ఉన్న డొంకతిరుగుడు కూడా పొలంలోంచే వచ్చింది. డొంక అంటే చేల మధ్య, రెండు వైపులా కంచెల నడుమ ఎడ్లబండ్లు పోయే బాట. ఎవరి చేనూ తొక్కకుండా, ప్రతి గట్టు దగ్గరా వంగుతూ పోతుంది గనుక అది తిన్నగా ఉండదు. గుంటూరులో మూడు వంతెనల దగ్గర డొంకరోడ్డు అన్న పేరు ఇంకా నిలిచి ఉంది. డొంకకు పొద అన్న అర్థం కూడా ఉంది, తీగ లాగితే కదిలే డొంక అదే. పిట్టలను లేపడానికి వేటగాళ్ళు పొద చుట్టూ కర్రలతో కొట్టడం నుంచి పుట్టిన 'బీట్ అరౌండ్ ద బుష్' అనే ఇంగ్లీషు జాతీయం మనసులో ఉన్నవారు డొంకతిరుగుడును దాని అనువాదమని అనుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. మనది బాట నుంచి వచ్చింది, వారిది వేట నుంచి వచ్చింది. సర్క్యూటస్ అన్న మాటకు, అది దారి గురించి అయితే చుట్టుదారి అనీ, మాట గురించి అయితే డొంకతిరుగుడు అనీ రాస్తే చాలు. వేరే సంస్కృత సమాసం అవసరం లేదు.

బస్సు బోర్డుల మీద రాసే వయా కూడా ఆ లాటిన్ వియాయే. తెలుగులో దానికి మీదుగా అన్న చక్కని మాట ఉంది, రైల్వే ప్రకటనల్లో అది ఇంకా బతికే ఉంది. ఏలూరు వైపు పట్టాల పని జరిగేటప్పుడు గుడివాడ, భీమవరం టౌన్ మీదుగా నిడదవోలుకు రైళ్ళను మళ్ళిస్తున్నాం అంటారు. ఆ ఒక్క ప్రకటనలో మళ్ళించడమూ ఉంది, మీదుగా కూడా ఉంది, ప్రత్యామ్నాయం అన్న మాట లేకపోయినా ఏలూరులో ఎక్కవలసినవారికి తమ రైలు రాదన్న సంగతి పూర్తిగా తెలిసిపోతుంది.

ఆ పేరానే పిల్లలకు మళ్ళీ ఇచ్చాను. ఈసారి ఒకే నియమం పెట్టాను: దారిని ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో ముందు తేల్చుకుని ఆ తరువాత మాట వెతకండి. పొన్నూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి డైవర్షన్‌కు 'పోలీసులు బండ్లను చేబ్రోలు వైపు మళ్ళించారు' అని రాసింది. డీటూర్ ఉన్నచోట ఆ మాటను అసలు అనువదించనే లేదు. 'ఎటూ ఇటు వచ్చాం గదా అని, పనిలో పనిగా అమ్మమ్మను కూడా చూసి వెళ్ళాం' అని రాసింది. నా ఇంగ్లీషు పేరాలో అమ్మమ్మ లేదు. అయినా ఆ వాక్యానికి పూర్తి మార్కులు వేశాను.